మిత్రబృందంతో స్లొవేనియా: కొండలు, సముద్రం, పాత పట్టణాలను పది రోజుల్లో తీరికగా చూసి రావడం ఎలా?

ఐరోపాలో కొండలు, సముద్రతీరం, పాత పట్టణాలు, ఈ మూడింటినీ స్నేహితులతో కలిసి ఒకే ప్రయాణంలో చూడాలంటే ఏర్పాట్లు ఎక్కడ మొదలుపెట్టాలని పాఠకులు తరచూ అడుగుతున్నారు. అడిగేవారి పట్టికల్లో సాధారణంగా పది రోజులకు ఐదారు దేశాలు ఉంటాయి. అలా వెళితే సగం కాలం రైళ్లకూ, పెట్టెలు సర్దడానికీ పోతుంది. మిగిలిన సగంలో అలసట వల్ల మాటామాటా పెరుగుతుంది. నా సలహా ఒక్కటే: ఒక చిన్న దేశాన్ని ఎంచుకోండి, మూడే చోట్ల బస చేయండి.

అందుకు స్లొవేనియా చక్కగా సరిపోతుంది. రాజధాని లుబ్లియానా నుంచి ఆల్ప్స్ పాదాల దగ్గరున్న బ్లెడ్ సరస్సు సుమారు 55 కిలోమీటర్ల దూరంలో ఉంటే, ఆడ్రియాటిక్ ఒడ్డున ఉన్న పిరాన్ పట్టణం సుమారు 120 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అంటే ఒక బస నుంచి మరొక బసకు మారడానికి ఎప్పుడూ ఒక పూట చాలు.

## 1. ముందుగా బృందాన్ని, నెలను నిర్ణయించుకోండి

నలుగురి నుంచి ఆరుగురి వరకు ఉన్న బృందం అన్నిటికంటే సుఖంగా సాగుతుంది. ఏడెనిమిది మంది అయితే ఒకే ఇంట్లో బస దొరకడం, హోటల్లో ఒకే బల్ల దగ్గర చోటు దొరకడం కష్టమవుతుంది.

నెలల్లో జూన్, సెప్టెంబరు ఉత్తమం. జూన్ చివర రాత్రి తొమ్మిది దాకా వెలుతురు ఉంటుంది, సెప్టెంబరులో జనం తగ్గినా సముద్రపు నీరు ఇంకా వెచ్చగానే ఉంటుంది. జులై, ఆగస్టుల్లో గదుల అద్దెలు పెరుగుతాయి, సరస్సుల దగ్గర కారు నిలపడానికి చోటుండదు, పైగా కొండల మీద మధ్యాహ్నం తర్వాత ఉరుములతో వానలు పడుతుంటాయి. నవంబరులోనూ, వసంతంలో కొన్ని వారాలూ బోహిన్ సరస్సు దగ్గరున్న వోగెల్ కొండ కేబుల్ కారును మరమ్మతుల కోసం ఆపివేస్తారు. కాబట్టి ఆ నెలల్లో వెళ్లేవారు తేదీలు చూసుకున్న తర్వాతే టికెట్లు కొనాలి.

## 2. ఇంటి దగ్గరే తేల్చుకోవలసిన మాటలు

స్నేహితుల ప్రయాణం ఉల్లాసంగా సాగడానికి వాతావరణం కంటే ముందస్తు ఒప్పందాలే ఎక్కువ తోడ్పడతాయి. ఈ మాటలు మొహమాటపడకుండా, అందరూ కలిసి కూర్చున్నప్పుడే అనుకోవాలి.

- ఒక్కొక్కరు పెట్టగలిగే మొత్తం ఖర్చు ఎంత? అందరిలో తక్కువ చెప్పినవారి అంకెనే బృందం అంకెగా తీసుకోవాలి.
- ఉమ్మడి ఖర్చులు ఎవరు చెల్లిస్తారు, లెక్క ఎవరు రాస్తారు? ఈ రెండు పనులూ ఒక్కరి మీదే పెట్టవద్దు.
- ఉదయం ఎన్ని గంటలకు బయలుదేరాలి?
- ఎవరికి ఈత రాదు? ఎవరికి మోకాళ్ల నొప్పి, ఎత్తు అంటే భయం ఉన్నాయి?
- ఎవరు శాకాహారులు? గుడ్డు తింటారా, తినరా?
- ప్రతి రోజూ ఒక పూట ఎవరి ఇష్టం వచ్చినట్లు వారు విడిగా తిరగడానికి అందరూ ఒప్పుకుంటున్నారా?

చివరి ప్రశ్నను చాలామంది పట్టించుకోరు. పది రోజులు పొద్దస్తమానం కలిసి తిరగడం ఎంత దగ్గరి స్నేహితులకైనా భారమే. రోజుకు ఒక పూట విడిగా ఉంటే రాత్రి భోజనం దగ్గర చెప్పుకోవడానికి అందరికీ కబుర్లుంటాయి.

## 3. వీసా: ఎవరి దరఖాస్తు వారిదే

స్లొవేనియా షెంగెన్ ప్రాంతంలో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల సమూహంలో ఉంది, అక్కడ చెల్లేది యూరో. బృందంగా వెళ్లినా వీసా దరఖాస్తు మాత్రం ఎవరికి వారే పెట్టుకోవాలి. నిబంధనల ప్రకారం ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా చేయాలి. వేసవికి వెళ్లేవారు మూడు నాలుగు నెలల ముందే అపాయింట్‌మెంట్ తీసుకోవడం క్షేమం. 2024 జూన్ నుంచి పెద్దలకు రుసుము 90 యూరోలు.

ఏ దేశానికి దరఖాస్తు చేయాలన్న దగ్గరే ఎక్కువ గందరగోళం ఉంటుంది. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో గడుపుతారో ఆ దేశానికే చేయాలి. విమానం ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగినా, మధ్యలో ఒక రోజు వెనిస్ చూసి వచ్చినా, బస స్లొవేనియాలోనే ఎక్కువైతే దరఖాస్తు స్లొవేనియాకే వెళుతుంది.

మిత్రుల్లో కొందరు హైదరాబాదులో, కొందరు డాలస్‌లోనో లండన్‌లోనో ఉండడం ఈ రోజుల్లో మామూలే. భారత పాస్‌పోర్టు ఉన్నవారికి అమెరికా గ్రీన్‌కార్డు ఉన్నా, బ్రిటన్‌లో నివాస అనుమతి ఉన్నా షెంగెన్ వీసా తప్పదు. వారు తాము నివసిస్తున్న దేశం నుంచే దరఖాస్తు చేసుకోవాలి.

వీసా పత్రాలను ఇలా సరిచూసుకోండి:

- పాస్‌పోర్టు గత పదేళ్ల లోపల జారీ అయినదై, తిరిగి బయలుదేరే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు చెల్లుబాటు కావాలి. అందులో రెండు ఖాళీ పేజీలు ఉండాలి.
- ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు, షెంగెన్ ప్రాంతం మొత్తానికి వర్తించాలి.
- బ్యాంకు ఖాతా వివరాలు, ఆదాయపు పన్ను పత్రాలు, ఉద్యోగం చేసే చోటి నుంచి సెలవు పత్రం సిద్ధంగా ఉండాలి.
- అందరి దరఖాస్తుల్లోనూ రోజువారీ పట్టిక, బస చిరునామాలు అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉండాలి.

వీసాలన్నీ చేతికి వచ్చేదాకా డబ్బు వెనక్కి రాని బుకింగ్ ఒక్కటి కూడా చేయవద్దు. ఒక్కరికి వీసా రాకపోతే ఏం చేయాలో కూడా ముందే అనుకోండి. మిగిలినవారు వెళతారా, అందరూ వాయిదా వేసుకుంటారా అన్నది ఆ రోజు చర్చించుకోవలసిన విషయం కాదు.

## 4. విమానం ఎంపిక

హైదరాబాదు నుంచి లుబ్లియానాకు నేరుగా విమానం లేదు. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా ఒక దారి, ఢిల్లీ లేదా ముంబై నుంచి ఇస్తాంబుల్ మీదుగా మరో దారి ఉన్నాయి. టికెట్ ధర తక్కువగా ఉంటే వెనిస్‌లోనో జాగ్రెబ్‌లోనో దిగి బస్సులో రావచ్చు. క్రొయేషియా 2023 జనవరిలో షెంగెన్‌లో చేరింది కనుక జాగ్రెబ్ మీదుగా వచ్చినా అదే వీసా చెల్లుతుంది.

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా గమనించాలి. షెంగెన్ ప్రాంతంలో మీరు మొదట దిగే విమానాశ్రయంలోనే ఇమ్మిగ్రేషన్ తనిఖీ జరుగుతుంది. 2025 అక్టోబరు నుంచి పాస్‌పోర్టు మీద ముద్ర వేసే పద్ధతి స్థానంలో ప్రవేశ, నిష్క్రమణల వివరాలను కంప్యూటర్లో నమోదు చేసే కొత్త విధానం మొదలైంది. మొదటిసారి వెళ్లేవారికి అక్కడ కొంత ఎక్కువ సమయం పడుతుంది. అందువల్ల ఫ్రాంక్‌ఫర్ట్ వంటి పెద్ద విమానాశ్రయంలో రెండు విమానాల మధ్య మూడు గంటలకు తగ్గకుండా వ్యవధి ఉంచుకోండి.

## 5. బసల క్రమం

రాత్రుల లెక్క ఇలా వేసుకోవచ్చు: లుబ్లియానాలో మూడు, బోహిన్ సరస్సు దగ్గర మూడు, పిరాన్‌లో మూడు, చివరి రాత్రి మళ్లీ లుబ్లియానాలో.

ఈ క్రమానికి కారణం ఉంది. వేసవిలో అక్కడి గడియారం మనకంటే మూడున్నర గంటలు వెనక ఉంటుంది. మొదటి రెండు రోజులు నిద్ర కుదురుకోవడానికి నగరం నయం. ఒంట్లో సత్తువ ఉన్నప్పుడు కొండలు ఎక్కి, కాళ్లు నొప్పులు పుట్టే వేళకు సముద్రం దగ్గరికి చేరాలి. దీన్ని తిరగేసి ముందు సముద్రానికి వెళ్లినవారు కొండల దాకా వచ్చేసరికి బద్ధకిస్తారు.

కొండల్లో బస బ్లెడ్‌లో కాకుండా బోహిన్‌లో పెట్టుకోమని నేను గట్టిగా చెబుతాను. బ్లెడ్ అందమైనదే, కానీ దాన్ని ఒక రోజులో తృప్తిగా చూడవచ్చు. బోహిన్ త్రిగ్లావ్ జాతీయ ఉద్యానవనంలో ఉంది. అక్కడ నడకదారులు గుమ్మం దగ్గరే మొదలవుతాయి. సరస్సు పక్కనున్న రిబ్చెవ్ లాజ్, స్తారా ఫుజినా గ్రామాల్లో వంటగది ఉన్న ఇళ్లు అద్దెకు దొరుకుతాయి.

లుబ్లియానా నుంచి బోహిన్‌కు బస్సులో రెండు గంటల ప్రయాణం. బోహిన్ నుంచి పిరాన్‌కు వెళ్లేటప్పుడు లుబ్లియానాలో బస్సు మారడమే తేలిక. పిరాన్‌కు రైలు లేదు, బస్సులోనే వెళ్లాలి.

## 6. సామాను, తిండి

ఒక్కొక్కరికి ఒక చిన్న పెట్టె, ఒక వీపు సంచి చాలు. పిరాన్ సందులు రాతి పలకలతో, మెట్లతో ఉంటాయి కనుక పెద్ద చక్రాల పెట్టెలు అక్కడ మోతబరువే అవుతాయి.

- చీలమండను పట్టి ఉంచే, అడుగున మంచి పట్టున్న నడక బూట్లు. ఇంటి దగ్గర కనీసం మూడు వారాలు తొడిగి అలవాటు చేసుకోవాలి
- వాన కోటు, పలుచటి స్వెటర్
- సముద్రంలో తొడుక్కోవడానికి రబ్బరు చెప్పులు
- పొడుగు ప్యాంట్లు, పట్టకారు (వీటి అవసరం ఎనిమిదో అంశంలో చెబుతాను)
- మీ మందులు, డాక్టరు చీటీ నకలు
- ఐరోపా ప్లగ్గులకు సరిపోయే అడాప్టరు

తిండి సంగతి మనవాళ్లకు ముఖ్యమైనదే. కందిపొడి, కరివేపాకు పొడి, బాగా మూత బిగించిన ఆవకాయ సీసా పెద్ద పెట్టెలో పెట్టుకోవచ్చు. అయితే బయటి దేశాల నుంచి మాంసం, పాలతో చేసిన పదార్థాలను ప్రయాణికులు ఐరోపా సమాఖ్యలోకి తీసుకురాకూడదు. నెయ్యి, పాలకోవా, నేతి మిఠాయిలు ఇంట్లోనే ఉంచండి. పచ్చి కరివేపాకు రెమ్మలకు కూడా అనుమతి లేదు.

అక్కడి శాకాహారంలో ష్త్రుక్లీ అనే చుట్టలు మనవాళ్లకు నచ్చుతాయి. పిండి రేకులో మెత్తటి జున్ను పెట్టి ఉడికిస్తారు. బీన్స్, పులియబెట్టిన క్యాబేజీతో చేసే యోతా అనే పులుసు చూడటానికి శాకాహారంలా ఉన్నా, అందులో తరచూ పందిమాంసం వేస్తారు. ఇద్రియా ప్రాంతపు ఝ్లిక్రోఫీ అనే కుడుముల్లో బంగాళాదుంపతో పాటు పంది కొవ్వు కలుస్తుంది. కాబట్టి ‘బ్రెజ్ మేసా’, అంటే మాంసం లేకుండా, అన్న మాట అందరూ కంఠస్థం చేయండి.

ఆదివారాల్లో సూపర్ మార్కెట్లు చాలావరకు మూసి ఉంటాయి. శనివారం సాయంత్రమే కూరగాయలు, బియ్యం, పెరుగు కొనిపెట్టుకోవాలి. కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగవచ్చు. సీసా వెంట ఉంచుకుంటే చాలు.

## 7. పాత పట్టణాలు: లుబ్లియానా, రాదోవ్లిత్స

లుబ్లియానా పాత పట్టణంలోకి కార్లను రానివ్వరు, అంతా నడకే. ఉదయం ఎనిమిదికల్లా మూడు వంతెనల కూడలికి చేరి, పక్కనే ఉన్న సంతను చూసి, ఎండ ముదరక ముందే కోట ఎక్కండి. మోకాళ్లు సహకరించని వారికి తాళ్లతో పైకి లాగే రైలు ఉంది.

ఒక పూటలో ఒకే పట్టణం అన్న నియమం పెట్టుకోండి. సందులో ఏ మలుపు తిరుగుదామన్నది చూసుకుంటూ, కాఫీకి కూర్చుంటూ నడిస్తేనే పాత పట్టణం ఒంటబడుతుంది. పట్టిక పట్టుకుని గుర్తులు పెట్టుకుంటూ పోతే అన్ని పట్టణాలూ ఒకేలా కనిపిస్తాయి.

రాజధానికి బయట ఒక చిన్న పట్టణం చూడాలంటే రాదోవ్లిత్స వెళ్లండి. లుబ్లియానా నుంచి నేరుగా రైలుంది. రంగురంగుల పాత ఇళ్ల చౌకులోనే తేనెటీగల పెంపకానికి సంబంధించిన మ్యూజియం ఉంది.

ఒక రోజు మిగిలితే ష్కోత్సియాన్ గుహలకు కేటాయించండి. కోపెర్ వైపు వెళ్లే రైలు ఎక్కి దివాచలో దిగాలి. గైడు వెంటే లోపలికి వెళ్లనిస్తారు, భూగర్భ లోయలో ఫోటోలు తీయనివ్వరు. బయట ఎంత ఎండగా ఉన్నా లోపల సుమారు 12 డిగ్రీల చలి ఉంటుంది, మెట్లు వందల్లో ఉంటాయి.

## 8. కొండలు: మూడు రోజుల క్రమం

మొదటి రోజు, కాళ్ల పరీక్ష. స్తారా ఫుజినా నుంచి మోస్త్‌నిత్స వాగు వెంబడి నడవండి. దారి తేలిక, నీడ ఎక్కువ. ఎవరు ఎంత వేగంగా నడుస్తారో ఈ రోజే తెలిసిపోతుంది. అందరికంటే నెమ్మదిగా నడిచేవారిని ముందుంచి, వేగంగా నడిచేవారిని వెనక ఉంచితే ఎవరూ విడిపోరు.

రెండో రోజు, ఎత్తు. వోగెల్ కేబుల్ కారు 1,535 మీటర్ల ఎత్తుకు చేరుస్తుంది. అక్కడి నుంచి బోహిన్ సరస్సు, 2,864 మీటర్ల త్రిగ్లావ్ శిఖరం ఎదురుగా కనిపిస్తాయి. మబ్బు లేని ఉదయాన్నే ఎంచుకోవాలి. అందుకే రెండో రోజునూ మూడో రోజునూ వాతావరణాన్ని బట్టి మార్చుకునేలా ఉంచండి. దిగివచ్చాక ఓపిక ఉన్నవారు 78 మీటర్ల ఎత్తు నుంచి దూకే సావిత్స జలపాతానికి వెళ్లవచ్చు. అక్కడా ఐదు వందలకు పైగా మెట్లున్నాయి.

మూడో రోజు, బ్లెడ్. తెల్లవారగానే బస్సులో వెళ్లి, జనం రాకముందే సరస్సు చుట్టూ ఉన్న సుమారు ఆరు కిలోమీటర్ల దారి నడవండి. తర్వాత ప్లెత్నా అనే పడవలో ద్వీపానికి చేరి, 99 మెట్లెక్కి చర్చి చూసి వచ్చి, అక్కడి పేరున్న క్రేమ్‌ష్నిత అనే మీగడ కేకు తినండి. దగ్గర్లోని వింట్‌గార్ లోయ కూడా చూడాలంటే టికెట్టు ముందే ఆన్‌లైన్లో, నిర్ణీత సమయానికి తీసుకోవాలి.

కొండదారుల్లో చెట్ల మీద, రాళ్ల మీద ఎర్రటి వలయం మధ్య తెల్లటి చుక్క ఉంటుంది, అదే దారి గుర్తు. కాసేపు నడిచినా ఆ గుర్తు కనిపించకపోతే ముందుకు వెళ్లకుండా, చివరిసారి చూసిన గుర్తు దాకా వెనక్కి రండి. దారి పలకల మీద కిలోమీటర్లకు బదులు నడక సమయం రాసి ఉంటుంది. అలవాటు లేనివారు దానికి సగం కలుపుకోవాలి.

గడ్డి, పొదల్లో ఉండే పిడుదుల విషయంలో అశ్రద్ధ పనికిరాదు. అవి కుట్టడం వల్ల లైమ్ వ్యాధి, మెదడువాపు వచ్చే ప్రాంతాల్లో స్లొవేనియా ఒకటి. పొడుగు ప్యాంటు తొడిగి, అంచులను మేజోళ్లలో దోపుకుని నడవాలి. బసకు రాగానే మోకాళ్ల వెనక, చంకల్లో, మెడ దగ్గర వెతుక్కోవాలి. కరుచుకుని ఉంటే చర్మానికి ఆనించి పట్టకారుతో పట్టి, నిదానంగా తిన్నగా లాగాలి. నూనె రాయడం, కాల్చడం చేయకూడదు. మెదడువాపు టీకా గురించి బయలుదేరడానికి కొన్ని నెలల ముందే డాక్టరును అడగండి.

కొండకు బయలుదేరే ముందు:

- ఉరుముల హెచ్చరిక ఉందేమో చూశారా? ఉంటే మధ్యాహ్నానికల్లా కిందికి దిగేలా బయలుదేరాలి.
- మనిషికి లీటరున్నర నీళ్లు, కొంత తిండి ఉన్నాయా?
- చివరి బస్సు, చివరి కేబుల్ కారు వేళలు అందరికీ తెలుసా?
- నగదు ఉందా? కొండల మీది విడిది గృహాల్లో కార్డు చెల్లని చోట్లున్నాయి.
- 112 అత్యవసర సంఖ్య అందరి ఫోన్లలో ఉందా?

## 9. సముద్రం: పిరాన్

పిరాన్‌లో ఇసుక తీరం ఉండదు. రాళ్ల ఒడ్డు నుంచి, కాంక్రీటు గట్టు నుంచి నేరుగా లోతు నీళ్లలోకి దిగుతారు. ఈత వచ్చినవారికి అది హాయి, రానివారికి ప్రమాదం. ఈత రానివారు పక్కనే ఉన్న పోర్తొరోజ్‌లో ఇసుక పరిచిన తీరానికి వెళ్లాలి, అక్కడ లోతు కొద్దికొద్దిగా పెరుగుతుంది. రాళ్ల మధ్య ముళ్లున్న సముద్రపు జీవులుంటాయి కనుక రబ్బరు చెప్పులు లేకుండా కాలు పెట్టవద్దు.

సాయంత్రం ఎండ తగ్గాక పాత కోటగోడ ఎక్కితే ఎర్ర పెంకుల పట్టణం మొత్తం, దాన్ని మూడు వైపులా చుట్టుకున్న సముద్రం కనిపిస్తాయి. మరునాడు సెచోవ్లియె ఉప్పుమడులు చూడండి. ఉప్పు పండించే పద్ధతి తెలిసిన మన కోస్తావారికి అక్కడి మడులూ, కాలువలూ ఆసక్తి కలిగిస్తాయి.

## 10. కారు తీసుకోవాలా?

పైన చెప్పిన పట్టికకు కారు అవసరం లేదు. 1,611 మీటర్ల వ్రిషిచ్ కనుమ దాటి సోచా నది లోయ చూడాలనుకుంటే మాత్రం ఒకటి రెండు రోజులకు తీసుకోండి.

- డ్రైవింగ్ లైసెన్సుతో పాటు అంతర్జాతీయ అనుమతి పత్రం ఆర్టీఓ కార్యాలయంలో తీసుకోవాలి, అది ఏడాది చెల్లుతుంది.
- డిపాజిట్ కోసం సాధారణంగా నడిపేవారి పేరుతోనే క్రెడిట్ కార్డు అడుగుతారు.
- గేర్లు మార్చనవసరం లేని కారు కావాలంటే ముందే చెప్పాలి.
- రోడ్డుకు కుడివైపున నడపాలి, పగలు కూడా దీపాలు వేసి ఉంచాలి.
- పిరాన్‌లోకి కారు తీసుకువెళ్లకూడదు, ఊరి బయట నిలిపి లోపలికి వెళ్లాలి.

## 11. తరచూ జరిగే పొరపాట్లు, వాటి సవరణలు

కార్డు యంత్రం రూపాయల్లో చెల్లించమంటే ఒప్పుకోవడం. మారకపు ధరలో ఎక్కువ నష్టపోతారు. దుకాణంలోనైనా, ఏటీఎంలోనైనా ఎప్పుడూ యూరోలనే ఎంచుకోండి.

లెక్కలు చివరికి చూసుకుందామనుకోవడం. మొదటి రోజే తలా కొంత ఉమ్మడి సొమ్ము వేసి, బస్సు టికెట్లు, సరుకులు అందులోంచే కొనండి. మద్యం, విడిగా కొనుక్కున్నవి అందులో కలపవద్దు.

రాత్రి పది దాటాక అద్దె ఇంట్లో గట్టిగా మాట్లాడుకోవడం. పొరుగువారు ఫిర్యాదు చేస్తారు. కబుర్లకు సరస్సు ఒడ్డునో, చౌకులోని కాఫీ దుకాణంలోనో ముందే ఒక చోటు చూసుకోండి.

అలిగినవారిని అందరూ కలిసి బుజ్జగించడం. ఒక్కరు పక్కన కూర్చుంటే చాలు, మిగిలినవారు అనుకున్న చోటికి వెళ్లిపోవాలి. సాధారణంగా కారణం ఆకలో, నిద్రలేమో అయి ఉంటుంది.

ఫోటోల కోసం ప్రతి చోటా అందరినీ ఆపడం. రోజుకు రెండు చోట్ల అందరూ కలిసి దిగండి, మిగిలినవి ఎవరిష్టం వారిది.

## 12. తిరుగు ప్రయాణం

చివరి రాత్రి లుబ్లియానాలోనే ఉండాలి. పిరాన్ నుంచి నేరుగా విమానాశ్రయానికి వెళ్లాలనుకుంటే, బస్సు ఒక్కటి ఆలస్యమైనా విమానం తప్పుతుంది. ఆ సాయంత్రమే ఉమ్మడి లెక్క తేల్చి, ఎవరికి రావలసింది వారికి పంపేయండి. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్లేవారికి నిష్క్రమణ తనిఖీ అక్కడే జరుగుతుంది కనుక తిరుగు టికెట్లోనూ ఆ వ్యవధి ఉండేలా చూసుకోండి. పాస్‌పోర్టు, బోర్డింగ్ పాసు, మిగిలిన మందులు చేతిసంచిలో ఉంచుకుని, ఆవకాయ సీసా మిగిలితే దాన్ని మళ్లీ పెద్ద పెట్టెలోనే పెట్టండి.